దారిలో ట్యూబు పంక్చరైనచో: సామగ్రి లేకుండ చేసికొనదగిన తాత్కాలిక మరమ్మతులు

తెల్లవారుజామున పాలు పితికి, క్యాను సైకిలు వెనుక కట్టుకొని పాల కేంద్రమునకు బయలుదేరిన రైతునకు సగము దారిలో వెనుక చక్రము గాలి పోయినదనుకొందము. ఇంటికి రెండు కిలోమీటర్లు, కేంద్రమునకు మూడు కిలోమీటర్లు. పంక్చరు దుకాణము తెరచు వేళ కాలేదు. జేబులో సొల్యూషను లేదు, అతుకు లేదు. కేంద్రములో పాలు పోయించుకొను వేళ మించినచో ఆ పూట పాలు అమ్ముడుపోవు. వేసవియైనచో కొద్ది గంటలలోనే విరిగిపోవును. ఇట్టి సమయమున చాలమంది "ఎట్లో చేరుదము" అని గాలిలేని చక్రముపైననే సైకిలు త్రొక్కుదురు. దానివలన ముల్లు చేసిన సూదిబెజ్జముతో ఆగవలసిన నష్టము ట్యూబు, టైరు రెండును పాడగు వరకు పెరుగును.

పొలము పనులకు పోవు రైతునకు దారిలో దొరకు వస్తువులతోనే ఇట్టి ఇక్కట్టునుండి బయటపడు మార్గములు కొన్ని కలవు. వాటిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ముందుగా ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. ఇందు చెప్పబోవు పద్ధతులన్నియు ఇంటికో, దుకాణమునకో చేరుటకు మాత్రమే. చేరిన పిమ్మట సరియైన అతుకు వేయింపక వాటితోనే నాళ్ళు గడుపరాదు.

ట్యూబు పని, టైరు పని

బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ 1887-88లో తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి టైర్లు అమర్చెను. నాటినుండి నేటివరకు సైకిలు చక్రము సూత్రము మారలేదు. ట్యూబు గాలిని పట్టి ఉంచును. ఆ గాలి ఒత్తిడిని భరించునది మాత్రము టైరు. అందుచేతనే ట్యూబును బయటకు తీసి గాలి కొట్టినచో బూరవలె ఉబ్బును. టైరులోపల ఉన్నప్పుడు గట్టిపడునేగాని ఉబ్బదు.

ఈ సంగతి మనకు రెండు విధముల ఉపయోగపడును. మొదటిది: అంతంత మాత్రముగా అంటిన అతుకుకూడ టైరులోపల ఉన్నప్పుడు ట్యూబునకు, టైరునకు నడుమ నొక్కబడి కొంతసేపు నిలుచును. అదే ట్యూబును బయట ఉబ్బించి చూచినచో వెంటనే లేచిపోవును. కావున తాత్కాలికముగా బాగుచేసిన ట్యూబును బయట గాలి కొట్టి పరీక్షింపరాదు. రెండవది: గాలి లేనప్పుడు బరువంతయు రిమ్ము అంచుపై పడును. ఆ అంచు ట్యూబును నేలకేసి నొక్కి కోయును. టైరు గోడలలోని పోగులు నలిగి తెగును. కావున గాలి పోయినదని తెలిసిన వెంటనే దిగవలెను. బరువును దించవలెను, లేదా గాలియున్న చక్రమువైపునకు మార్చవలెను.

మొదట వాల్వు చూడుడు

గాలి పోయిన ప్రతిసారి ట్యూబు పంక్చరైనదని అనుకొనరాదు. మన సైకిళ్ళలో చాలవాటికి వాల్వుపిన్నుపై సన్నని రబ్బరు గొట్టము తొడిగి ఉండును. దీనినే వాల్వుట్యూబు అందురు. పంపు నుండి వచ్చు గాలి పిన్ను ప్రక్కనున్న బెజ్జము గుండ ఈ రబ్బరును త్రోసికొని లోనికి పోవును. లోపలి గాలి మరల వెలికి రాకుండ ఈ రబ్బరే బెజ్జమును మూసి ఉంచును. ఎండకు, కాలమునకు ఇది మెత్తబడి చిట్లును. అప్పుడు గాలి మెల్లమెల్లగా పోవును.

వాల్వు మూతిపై కొంచెము ఉమ్మి రాసి చూడవలెను. బుడగ లేచినచో తప్పు వాల్వుదే. నట్టు విప్పి పిన్ను తీసి, రబ్బరు గొట్టము కొన మాత్రమే చిట్లియున్నచో, ఆ చిట్లిన భాగమును కోసివేసి, మిగిలినదానిని ఉమ్మితో తడిపి, ప్రక్క బెజ్జము దాటి క్రిందికి దిగునట్లు తొడుగవలెను. బెజ్జము పూర్తిగా కప్పబడనిచో అది పనికిరాదు. టైరు విప్పు పనియే లేకుండ ఇంతటితో బాగుపడిన చక్రము లెన్నియో కలవు.

బెజ్జమును కనుగొనుట

వాల్వు బాగున్నచో ట్యూబును చూడవలెను. దీనికి చక్రమును ఊడదీయ నక్కరలేదు. సైకిలును తలక్రిందుగా నిలిపి, టైరు ఒక ప్రక్క అంచును మాత్రము రిమ్మునుండి తప్పించి, ట్యూబును ఆ ప్రక్కనుండి వెలికి లాగవచ్చును. టైరు అంచు లేపుటకు చెంచా కాడ గాని, నున్నని కర్రముక్క గాని వాడవలెను. కొడవలి మొన, స్క్రూడ్రైవరు వంటి పదునైనవాటిని వాడినచో ఒక బెజ్జమునకు రెండగును.

పంపు దొరకినచో ట్యూబునకు కొద్దిగా గాలి కొట్టి, కాలువలోనో, బోదెలోనో ముంచి బుడగలు చూడవలెను. నీరు లేనిచోట ట్యూబును పెదవి దగ్గర, చెంప దగ్గర త్రిప్పుచు పోయినచో సన్నని గాలి సయితము తెలియును. త్రాగునీటితో చేయి తడిపి ట్యూబుపై రాచినను బుడగ కనిపించును. దొరికిన వెంటనే బొగ్గుతోనో, ఇటుకముక్కతోనో గుర్తు పెట్టవలెను. ఒక బెజ్జము దొరికినదని అంతటితో ఆగరాదు. పొడవైన ముల్లు ట్యూబు రెండు ప్రక్కలను దూసికొని పోవచ్చును. గాలి తక్కువగానున్న చక్రము బరువుతో రాయి ఎక్కినప్పుడు రిమ్ము రెండంచుల క్రిందను నలిగి ప్రక్కప్రక్కన రెండు చీలికలు పడవచ్చును.

బెజ్జము ట్యూబులో ఏ వైపున ఉన్నదో గమనింపవలెను. నేలవైపున ఉన్నచో ముల్లు, మేకు, గాజుపెంకు కారణము. రిమ్మువైపున ఉన్నచో లోపలి పట్టీ తొలగి పుల్లల మొనలు గుచ్చుకొనినవని అర్థము. అప్పుడు గుడ్డపేలికను మడతపెట్టి ఆ మొనలపై పరచవలెను.

ముల్లు తీయనిదే మరమ్మతు లేదు

మన ప్రాంతములలో ఈ బాధకు ముఖ్య కారణములు సర్కారుతుమ్మ, నల్లతుమ్మ, రేగు ముళ్ళు, పల్లేరుకాయలు. సర్కారుతుమ్మ మన నేలది కాదు. అమెరికా ఖండమునుండి వచ్చి, నేడు చెరువు కట్టలపైన, డొంకల వెంట, బీళ్ళలోను దట్టముగా వ్యాపించినది. దీని ముల్లు టైరును దూసికొని పోయి, బయటి భాగము విరిగిపడి, మొన మాత్రము లోపల నిలిచిపోవును. పైకి ఏమియు కనిపించదు. ట్యూబునకు అతుకు వేసి ఎక్కించిన అరగంటలో అదే మొన మరల గుచ్చుకొనును. రైతు అతుకును, అతుకు వేసినవానిని నిందించును గాని, తప్పు టైరులో మిగిలిన ముల్లుది.

ఆ మొనను కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. ట్యూబును టైరు ప్రక్కన, వాల్వు తన చోటనే ఉండునట్లు పరచినచో, ట్యూబుపై గుర్తుపెట్టిన చోటికి ఎదురుగా టైరులో ముల్లు ఉండును. అక్కడ లోపలివైపున దూదినిగాని, గుడ్డపేలికనుగాని రాచుచు పోవలెను. ముల్లున్నచోట దూది పట్టుకొనును. వట్టి వ్రేళ్ళతో తడిమినచో వ్రేలు గాయపడును. ముల్లును లోపలినుండి బయటకు త్రోసి, పూర్తిగా వచ్చినదని చూచుకొనిన పిమ్మటనే మిగిలిన పని చేయవలెను.

తాత్కాలిక పద్ధతులు

ఈ క్రింది పద్ధతులను మేలైనదానినుండి చివరి గతివరకు వరుసగా ఇచ్చుచున్నాము. చేతనున్న వస్తువును, బెజ్జము పరిమాణమును బట్టి ఎన్నుకొనవలెను.

1. పాత ట్యూబు ముక్క, చెప్పుల సొల్యూషను: దారిలో ఊరున్నచో చెప్పులు కుట్టువారివద్ద సొల్యూషను దొరకును. అది పంక్చరు సొల్యూషనంత బాగుగా పట్టకపోయినను ఇల్లు చేర్చును. పాత ట్యూబునుండి బెజ్జమునకు అన్నివైపుల ఒక వ్రేలి వెడల్పు మించునట్లు గుండ్రని ముక్క కోయవలెను. మూలలున్న ముక్క మూలలనుండి లేచును. ముక్కను, ట్యూబును రెండింటిని ఇటుకపెంకుతోనో, గరుకురాతితోనో నలుపు వన్నె తగ్గి గరుకెక్కు వరకు రాచి, దుమ్ము తుడువవలెను. తడి, నూనె ఏమాత్రము ఉండరాదు. రెండింటికిని పలుచగా సొల్యూషను పూసి, వ్రేలితో తాకిన అంటీఅంటనట్లుండు వరకు ఆరనిచ్చి, అప్పుడు అతికి రాతితో బాగుగా నొక్కవలెను. తొందరపడి తడిగా ఉండగనే అతికించుట చాలమంది చేయు పొరపాటు. లోపలి ద్రవము ఆవిరియై పోవుటకు దారిలేక అతుకు ఉబ్బి లేచును.

2. చుట్టుకట్టు: జిగురేదియు లేక, విద్యుత్తు తీగలకు చుట్టు టేపు గాని, గాయములకు వేయు ప్లాస్టరు గాని దొరకినచో, ట్యూబును పొడిగా తుడిచి, ట్యూబు తన ఆకారమునకు వచ్చునంత గాలి మాత్రము కొట్టి, బెజ్జముపై నాలుగైదు చుట్లు బిగువుగా చుట్టవలెను. దానిపై పాత ట్యూబు పట్టీని సాగదీసి చుట్టి ముడివేసినచో మరికొంత బలము వచ్చును. గాలి మెల్లగా పోవుచునే ఉండును. పంపు వెంటనున్నవారికే ఈ పద్ధతి అనుకూలము.

3. చెవి పట్టి కట్టుట: ముల్లు చేసిన సన్నని బెజ్జమునకు ఇది బాగుగా పనిచేయును. బెజ్జము నడుమ ఉండునట్లు ట్యూబు గోడను రెండు వ్రేళ్ళతో పట్టి, మేక చెవివలె వ్రేలి కణుపంత పైకి లాగవలెను. దాని మొదట పాత ట్యూబునుండి కోసిన సన్నని పట్టీని సాగదీయుచు పది పన్నెండు చుట్లు చుట్టి ముడివేయవలెను. ఆపైన పురికొసతో బిగింపవలెను. రబ్బరు పట్టీ లేకుండ వట్టి పురికొసతోనే బిగించినచో అది ట్యూబును కోయవచ్చును. ఆ బొడిపె టైరునకు రాచుకొనకుండ గుడ్డముక్క చుట్టవలెను. పొడవుగా చీలిన ట్యూబునకు ఈ పద్ధతి పనికిరాదు.

4. మడచి కట్టుట: చీలిక కొంచెము పెద్దదైనచో ట్యూబును సరిగా చీలికవద్ద మడచి, చీలిక మడత కొనలో నుండునట్లు చేసి, దానికి రెండు వ్రేళ్ళ క్రింద రెండు పొరలను కలిపి గట్టిగా కట్టవలెను. గాలి వాల్వునుండి రెండు వైపులకు పోయి ఈ కట్టువద్ద ఆగును. ట్యూబు కొంత పొట్టియగును గాని రబ్బరుకు సాగు గుణమున్నందున రిమ్ముపై ఎక్కించవచ్చును. కొందరు చీలికవద్ద ట్యూబును తెగకోసి రెండు కొనలను ముడివేయుదురు. గాలి నిలుచును గాని ట్యూబు అంతటితో వ్యర్థము. మడచి కట్టిన ట్యూబును మాత్రము ఇంటికి పోయి విప్పి, అతుకు వేసికొనవచ్చును. కావున చీలిక మరీ పెద్దదై, ట్యూబు ఇక పనికిరాదని తేలినప్పుడే కోయవలెను. వాల్వు దగ్గర చీలినచో ఈ రెండును కుదరవు. కట్టు ఉన్నచోట చక్రము చుట్టుచుట్టుకు ఎగిరిపడును. కావున బరువు వేయక, మెల్లగా పోవలెను.

5. గడ్డి కూరుట: పంపు లేనప్పుడు, ట్యూబు పూర్తిగా పాడైనప్పుడు ఇది చివరి ఉపాయము. ట్యూబును తీసి భద్రపరచి, టైరు ఒక అంచును రిమ్ములో ఉంచి, ఎండు వరిగడ్డిని తాడువలె పేని లోపల కూరవలెను. గోనెపట్టా, పాతగుడ్డలు కూడ పనికివచ్చును. పచ్చగడ్డి నలిగి నీరై కొంతదూరములోనే కుంగును. "ఇక పట్టదు" అనిపించిన పిమ్మట మరి రెండు పిడికిళ్ళు కూరినప్పుడే అది సరిగా నిండినట్లు. వదులుగా కూరినచో గడ్డి ఒకచోట చేరి టైరు రిమ్మునుండి జారును. ఇట్టి చక్రముపై మనిషి నడచునంత వేగమున మాత్రమే పోవలెను. పల్లములో దిగి నడిపింపవలెను. ముందు చక్రమునకు గడ్డి కూరినచో ఎక్కనే ఎక్కరాదు. ముందు టైరు జారినచో మనిషి తలక్రిందుగా పడును. సైకిలును నడిపించుకొని పోయినను టైరు, రిమ్ము దక్కునుగదా.

టైరే కోసుకుపోయినచో: గాజుపెంకు, పారమొన వంటివి టైరును కోసినచో ట్యూబును బాగుచేసినంత మాత్రమున చాలదు. ట్యూబు ఆ కోతగుండ ఉబ్బి పగులును. లోపలివైపున పాత టైరు ముక్కను గాని, నాలుగు మడతలు వేసిన గట్టి గుడ్డను గాని కోత అంతయు కప్పునట్లు పరచి, దానిపై ట్యూబు ఎక్కించి, మామూలుకన్న తక్కువ గాలి కొట్టవలెను.

చేయరాని పనులు

మర్రిపాలు, పనసపాలు, జిల్లేడుపాలు పూసినచో బెజ్జము మూసికొనునని కొందరి నమ్మకము. ఇవి జిగురుగా ఉండుట నిజమే. కాని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొనినట్లు, రబ్బరుపాలు గంధకముతో వేడిలో పాకమైనగాని గట్టి రబ్బరు కాదు. చెట్టుపాలను అట్లే పూసినచో గాలి ఒత్తిడికి నిలువవు. పైగా జిల్లేడుపాలు కంట పడినచో కన్ను తీవ్రముగా దెబ్బతినును. ట్యూబు కొరకు కన్ను పోగొట్టుకొనరాదు.

ఫెవిక్విక్ వంటి జిగురులు క్షణములో అంటును గాని, ఆరిన పిమ్మట గాజువలె పెళుసెక్కును. ట్యూబు సాగినప్పుడు అవి చిట్లును. అంతేగాక ట్యూబుపై గట్టి పొర మిగిలి, తరువాత వేయు మంచి అతుకును పట్టనీయవు.

ప్లాస్టికును, రబ్బరును కాల్చి బొట్లు వేయుట ఇంకను హానికరము. ఆ వేడికి ట్యూబు పలుచబడి బెజ్జము పెద్దదగును. పెట్రోలుతో ట్యూబును తుడుచువారు దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల లేకుండ చూచుకొనవలెను.

టైరు బండ్లు, ట్రాక్టరు ట్రెయిలర్లు

సైకిలునకు చెప్పిన ఈ ఉపాయములు రబ్బరు టైర్ల ఎడ్లబండికి, ట్రాక్టరునకు, ట్రెయిలరునకు, మోటారు సైకిలునకు వర్తింపవు. అక్కడ బరువు, వేగము, గాలి బలము వేరు. కట్టిన ట్యూబుతో గాని, గడ్డి కూరిన టైరుతో గాని వాటిని నడుపుట ప్రాణాపాయము.

బరువుతో పోవు టైరు బండికి గాలి పోయినచో ఎడ్లను విప్పి, రెండవ చక్రమునకు ముందు వెనుకల రాళ్ళు పెట్టి, బరువు దించవలెను. బండిని ఎత్తి దుంగలు పేర్చి నిలిపిన పిమ్మటనే చక్రము ఊడదీయవలెను. కేవలము మనుషులు భుజములతో ఎత్తిపట్టియుండగా క్రింద చేయి పెట్టరాదు. కొన్ని చక్రముల రిమ్ములు రెండు భాగములుగా ఉండి నట్లతో బిగింపబడి ఉండును. లోపలి గాలి పూర్తిగా తీయనిదే ఈ నట్లు విప్పరాదు. గాలి ఉండగా విప్పినచో రిమ్ము భాగము ఎగిరి మనిషిని చంపగలదు. గాలి కొట్టునప్పుడును చక్రమునకు ఎదురుగా కాక ప్రక్కగా నిలువవలెను. ఈ పని తెలిసినవారిచేతనే చేయించుట శ్రేయస్కరము.

ఇల్లు చేరిన పిమ్మట

తాత్కాలికపు కట్టును, టేపును విప్పి, ఆ చోటు శుభ్రపరచి, సరియైన అతుకు ఆనాడే వేయింపవలెను. కట్టిన ట్యూబు గాలి నిలుపుచున్నదిగదా అని మరునాడు ఎరువు మూట వేసికొని బయలుదేరుట పొరపాటు. కట్టువద్ద రబ్బరు మడతపడి కొద్ది దినములలోనే చిట్లును. టైరులోపల మరియొకసారి గుడ్డతో తడిమి చూడవలెను. ముళ్ళదారిన పోయిన టైరులో ఒకే ముల్లు ఉండుట అరుదు.

గాలి సరిగా ఉంచుటయు ముఖ్యము. టైరును ప్రక్కలనుండి బొటనవ్రేలితో గట్టిగా నొక్కినచో ఏమాత్రమో లొంగవలెను. బరువు కట్టుకొని పోవు దినమున వెనుక చక్రమునకు ఇంకను గట్టిగా ఉండవలెను. గాలి తక్కువైన చక్రమే రాళ్ళపై నలిగి చీలును.

ముందుజాగ్రత్త

సీటు క్రింది సంచిలో ఒక చిన్న సొల్యూషను గొట్టము, పాత ట్యూబు ముక్క జానెడు, గరుకు కాగితము ముక్క, వాల్వుట్యూబు ఒక వ్రేలి పొడవు, పురికొస రెండు మూరలు ఉంచుకొనినచో పైన చెప్పిన కష్టములలో చాలభాగము తప్పును. వీటి వెల బహుస్వల్పము. సొల్యూషను గొట్టము మూత ఒకసారి తీసిన పిమ్మట కొద్ది నెలలలో ఎండిపోవును గనుక అప్పుడప్పుడు నొక్కి చూచుకొనవలెను.

అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. చేను చుట్టు ముళ్ళకంప వేయువారు కంపను డొంకవెంట ఈడ్చుకొని పోవునప్పుడు రాలిన ముళ్ళే తరువాత వచ్చువారి చక్రములకు, ఎడ్ల గిట్టలకు, పిల్లల పాదములకు గుచ్చుకొనును. కంచె పని ముగిసిన సాయంకాలము చీపురుకట్టతో దారి ఊడ్చి, ఆ ముళ్ళను ఒకచోట కాల్చివేయుట పది నిమిషముల పని. నేడు ఒకరు వదలిన ముల్లు రేపు తెల్లవారుజామున పాలు తీసికొనిపోవు మరియొకరిని దారిలో నిలుపును. ఆ మరియొకరు తన యింటివారే కావచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. గాలి పోయిన చక్రముపై త్రొక్కరాదు. దిగి బరువు దించవలెను.
2. ట్యూబు విప్పుటకు ముందు వాల్వును ఉమ్మితో పరీక్షింపవలెను.
3. టైరులోని ముల్లు తీసిన పిమ్మటనే ట్యూబు ఎక్కింపవలెను.
4. సన్నని బెజ్జమునకు అతుకో, చెవికట్టో వేయవలెను. చీలికకు మడతకట్టు, ఏదియు లేనప్పుడు గడ్డి.
5. చెట్టుపాలు, పెళుసు జిగురులు, కాల్చిన ప్లాస్టికు వాడరాదు.
6. టైరు బండ్లకు, ట్రాక్టర్లకు, మోటారు సైకిళ్ళకు ఈ పద్ధతులు పనికిరావు.
7. ఇల్లు చేరిన దినముననే సరియైన అతుకు వేయింపవలెను.